ఇల్లు తీసేస్తే ఎవరు మిగులుతారు

శిక్షణకు వెళ్ళమని ఆర్డరు చేతికొచ్చిన రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. మా సెక్షన్లో కంప్యూటరు ముందే పుట్టిపెరిగినట్టుండే కుర్రకారు ఉండగా, యాభైకి దగ్గరపడుతున్న నన్నెందుకు పంపుతున్నారో అర్థం కాలేదు. అడిగితే మా అధికారి నవ్వి, "వాళ్ళు లేకపోతే పని ఆగిపోతుంది మేడమ్" అన్నారు. అంటే నేను లేకపోతే ఏదీ ఆగదన్నమాట. ఆ మాట ఆయన అనలేదు గాని నాకు స్పష్టంగా వినబడింది.

శిక్షణ పేరు డేటా విశ్లేషణ, లాజికల్ డేటాబేస్ డిజైన్. అంటే ఏ సమాచారం ఏ పట్టికలో ఉండాలో ముందే గీసుకోవడమట. సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఫరీదాబాద్‌లో. ఢిల్లీలో మా కాలనీ ఉన్న ఆర్.కె. పురంలో మెట్రో ఎక్కి, కాల్కాజీలో రైలు మారి, ఫ్యాక్టరీల వెనక గోడలు చూసుకుంటూ వెళ్ళాలి. దారి పొడుగునా నేను నేర్చుకోబోయే కీలు, కోడ్‌లు తలుచుకుని గుండె బరువెక్కింది. తీరా వెళితే, శిక్షకురాలు కంప్యూటర్ల గదికి తాళం వేసి మాకు తలా ఒక తెల్లకాగితం ఇచ్చింది. హర్యానా అమ్మాయి, మా అమ్మాయికంటే కాస్త పెద్దది. హిందీ కూడా పాఠం అప్పజెప్పినట్టు విడమరిచి మాట్లాడేది.

"క్యాంటీన్‌కి వెళ్ళి చాయ్ తాగి రండి. అక్కడ ఏమేం ఉన్నాయో రాయండి. వాటిల్లో తన కాళ్ళ మీద తాను నిలబడేది ఏది, ఇంకోదాన్ని పట్టుకుని వేలాడేది ఏది, అది చెప్పండి చాలు" అంది.

సమోసా తన కాళ్ళ మీద నిలబడుతుంది, దాని ధర దాన్ని పట్టుకుని వేలాడుతుంది. ఇంతవరకు బాగానే ఉంది. చక్కెర దగ్గర తగాదా వచ్చింది. డబ్బాలో విడిగా పెడితే దాని కాళ్ళ మీద అది నిలబడుతుందనీ, చాయ్‌లో కలిపి ఇస్తే చాయ్‌ని పట్టుకుని వేలాడుతుందనీ నేను వాదించాను. అమ్మాయి కళ్ళు మెరిశాయి. "మేడమ్ అన్నదే అసలు విషయం. వస్తువు ఒకటే. మీరు దాన్ని ఎలా చూస్తున్నారన్నదే డిజైన్" అంది. బడిలో పలక మీద 'గుడ్' వేయించుకున్నప్పుడు కూడా నేను అంత పొంగిపోలేదు గాని, పైకి మాత్రం ముఖం గంటు పెట్టుకునే కూర్చున్నాను.

ఆ వారం నాకు అంతకంటే పెద్ద చింత ఇంకొకటి ఉంది. మా కింది ఇంటి ఆంటీ ఇల్లు ఖాళీ చేస్తున్నారు. ఆవిడది కర్నూలు వైపు. భర్త ఉద్యోగంలో ఉండగానే గుండెపోటుతో పోయారు. ఆ తర్వాత కుటుంబం క్వార్టర్లో ఉండటానికి ఇచ్చిన గడువు ఆ నెలాఖరుతో అయిపోతుంది. కొడుకు ఫరీదాబాద్‌లో ఫ్యాక్టరీలో పనిచేస్తూ అక్కడే ఒక వాటా అద్దెకు తీసుకున్నాడు. అందులో వింతేమీ లేదు, గవర్నమెంటు కాలనీలో అందరమూ ఏదో ఒకరోజు సామాను కట్టుకోవాల్సిన వాళ్ళమే. నా బాధంతా ఆదివారం క్లాసు గురించి.

ఆదివారం పొద్దున కమ్యూనిటీ హాల్లో కాలనీ తెలుగు పిల్లలకు ఆంటీ తెలుగు చెప్పేవారు. అమ్మ తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే పిల్లలు వాళ్ళంతా. నా కూతురు అక్కడే అక్షరాలు దిద్దింది, ఇప్పుడు కాకినాడ నుంచి మా అమ్మ ఫోన్ చేస్తే నాకు ఇవ్వకుండా తనే మాట్లాడుతుంది. భర్త పోయాక ఆంటీ చాలా రోజులు గుమ్మం దాటలేదు. మొదటిసారి దాటింది ఆ క్లాసు కోసమే. చీర సరిగ్గా కట్టుకుని, చేతిలో సుద్దముక్కల డబ్బా పట్టుకుని మెట్లు దిగుతుంటే చూసి, హమ్మయ్య, ఈవిడ బతుకుతుంది అనుకున్నాను. ఆ క్లాసు కూడా పోతే ఏమవుతారోనన్నది నా భయం.

పోయేలాగే ఉంది. ఆ హాలును మా తెలుగు సంఘానికి కాలనీ నివాసుల సంఘమన్న హోదా మీద ఇచ్చారు. మధ్యలో ఎవరో బయటివాడు మా పేరు చెప్పుకుని అక్కడ ట్యూషన్లు నడిపితే ఫిర్యాదు వెళ్ళింది. అప్పటి నుంచి హాల్లో క్లాసు పెట్టేవాళ్ళు సంఘం సభ్యులే అయి ఉండాలని నియమం చేసుకున్నాం. సభ్యత్వం క్వార్టరుతో వస్తుంది, క్వార్టరుతో పోతుంది. ఆ నియమాన్ని కంటికి రెప్పలా కాపాడుతున్న మా కార్యదర్శి ఈ శిక్షణలో సరిగ్గా నా పక్క కుర్చీలోనే కూర్చున్నారు. ఆయనది కరీంనగర్ వైపు, వేరే మంత్రిత్వ శాఖ. మనిషి మంచివాడే గాని, రూలు పుస్తకం చూడకుండా తుమ్మడు.

ఇద్దరేసి కలిసి తమకు బాగా తెలిసిన సంస్థ ఒకదానికి డిజైన్ గీయాలని చెప్పినప్పుడు ఆయనే ముందు అందుకున్నారు. "మన సంఘమే తీసుకుందాం మేడం. రిజిస్టర్ బదులు కంప్యూటర్ల పెట్టాలని కమిటీ ఎట్లాగూ అంటున్నది గద. ఇక్కడ నేర్చుకున్నట్టయితది, అక్కడ పనైతది." సరేనన్నాను.

ప్రతి పట్టికకూ ఒక కీ ఉండాలి. ఒకర్ని ఇంకొకరితో కలగాపులగం చేయకుండా గుర్తుపట్టే ఆనవాలు అది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే 'క్వార్టర్ నంబర్' అని రాసేశాం. తీరా చూస్తే మేమే కాదు, డిస్పెన్సరీ తీసుకున్నవాళ్ళూ, లైబ్రరీ తీసుకున్నవాళ్ళూ, క్లబ్బు తీసుకున్నవాళ్ళూ అందరూ అదే రాశారు. గ్రేటర్ నోయిడాలో సొంత ఫ్లాట్లు కొనుక్కున్న ఇద్దరు మాత్రం ఫోన్ నంబరు రాశారు. అమ్మాయి కాగితాలన్నీ ముందు పరుచుకుని నుదురు కొట్టుకుంది. "మీరంతా మనుషులేనా, ఇళ్ళా?" అంది.

ఆమెకేం తెలుసు. మా కాలనీల్లో పాలవాడి దగ్గర్నుంచి ప్రెసిడెంటు దాకా అందర్నీ అందరూ నంబరుతోనే గుర్తుపడతారు. ఒకసారి ఒక పెళ్ళి శుభలేఖ క్వార్టర్ నంబరు చూసి ఇస్తే, అప్పుడే ఆ ఇంట్లో దిగిన ఒడియా కుటుంబం చక్కగా వెళ్ళి భోంచేసి, చదివింపులు కూడా చదివించి వచ్చారు. పెళ్ళివారూ ఏమీ అనుకోలేదు. ఈ కథ చెబితే క్లాసంతా పగలబడి నవ్వింది. అమ్మాయి మాత్రం నవ్వలేదు.

"ఆ ఇంట్లో మనిషి మారితే?" అని అడిగింది.

"కొత్త పేరు రాసుకుంటం" అన్నారు మా కార్యదర్శి.

"పాతాయన?"

"రిటైరైపోతడు."

మళ్ళీ నవ్వులు. వాటిల్లో నా నవ్వు కలవలేదు, నాకు కింది ఇల్లు గుర్తొచ్చింది.

వాడుకునేవాళ్ళను అడగకుండా గీసిన డిజైన్ చెత్తబుట్టకే అని అమ్మాయి హెచ్చరించింది. ఏం అడగాలో కాగితం మీద రాసుకుని వెళ్ళాలి, జవాబు వాళ్ళ మాటల్లోనే రాసుకోవాలి, మధ్యలో మన తెలివి కలపకూడదు. సంఘంలో అందరికంటే ఎక్కువ పని చేసేది ఆంటీయే కాబట్టి బుధవారం సాయంత్రం మేమిద్దరం ఆవిడ దగ్గరికే వెళ్ళాం.

ఇంటినిండా అట్టపెట్టెలు. కుక్కర్‌ను ఆంటీ పాత చీరలో చుడుతున్నారు.

"ఏమ్మా, ఇద్దరూ కలిసి వచ్చినారే. ఇల్లు ఖాళీ చేస్తాండానా లేదా అని చూసిపోదామనా?" అన్నారు నవ్వుతూనే.

"అయ్యో, అట్ల గాదు ఆంటీ. ట్రైనింగ్ పని. కొన్ని ప్రశ్నలున్నయి" అని కార్యదర్శి కాగితం తీశారు. "పిల్లల హాజరు ఎట్ల పెడుతున్నరు?"

"హాజరెందుకబ్బా? పిల్లోల్ల మొగాలు చూస్తే తెలీదా ఎవరు రాలేదో."

ఆయన అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నారు. తర్వాతి ప్రశ్న సభ్యుని పేరు. ఆంటీ భర్త పేరు చెప్పారు.

"మీ పేరు మీద సభ్యత్వం లేదా ఆంటీ?" అన్నాను నేను.

"నాదేడుంటాది పాపా? ఇల్లు ఎవరికిచ్చినారో వాళ్ళదే కదా మెంబరు. కింద 'కుటుంబ సభ్యులు ముగ్గురు' అని ఉంటాది చూడు, ఆ ముగ్గురిలో నేనొకదాన్ని."

అందులో తప్పేమీ లేదు, మా రిజిస్టరు తీరే అది. మా ఇంట్లో క్వార్టరు నా పేరున ఉంది కనుక మా ఆయన ఆ అంకెలో ఉంటారు. నోయిడాలో పెద్ద కంపెనీలో ఉద్యోగం చేసే మనిషి సంఘం లెక్కలో అంకెలో ఒక భాగం. చెబితే ఆయన నవ్వేసి ఊరుకున్నారు. ఆయనకు పోయేదేమీ లేదు మరి.

కాగితం మీద ఉన్నవన్నీ అడిగాం. ఆంటీ అన్నిటికీ ఓపిగ్గా చెప్పి, మధ్యలో లేచి చాయ్ పెట్టి ఇచ్చారు. చివర్లో, "అయిపోయినాయా మీ ప్రశ్నలు?" అని మా ఇద్దరి వంకా చూశారు. అయిపోయాయన్నాం. "సరే అయితే" అని మళ్ళీ కుక్కర్ దగ్గరికి వెళ్ళారు.

శుక్రవారం పరీక్ష. డిజైన్‌లో ఒక్కో వరసను ఒక్కో చీటీ మీద రాసి బల్ల మీద పరిచాం. ఇళ్ళు, సభ్యులు, కార్యక్రమాలు, హాలు. ఏది దేన్ని పట్టుకుని వేలాడుతుందో దాన్ని దారంతో కలపాలి. ఇప్పుడు ఒక ఇంటిని తీసేయండి, దానితోపాటు ఏమేం పోతాయో చూడండి, మిగిలినవాటిలో ఎక్కడైనా దారం గాలిలో వేలాడుతుంటే మీ డిజైన్ తప్పు అంది అమ్మాయి.

"ఏ ఇల్లు తీద్దాం?" అని కార్యదర్శి నన్ను అడిగారు. నేను కావాలనే కింది ఇంటి నంబరు చెప్పాను. ఆయన నా వైపు ఒకసారి చూసి ఆ చీటీ తీశారు. దాంతోపాటు ఆంటీ భర్త పేరున్న సభ్యుడి చీటీ వచ్చింది. అందులోనే ముగ్గురు కుటుంబ సభ్యులూ వచ్చేశారు. ఆదివారం క్లాసు చీటీ మాత్రం హాలు దారంతో బల్ల మీదే చెక్కుచెదరకుండా ఉంది. అందులో టీచరు అన్న గడి పెట్టాలని మాకు తట్టనే లేదు. ఏ దారమూ వేలాడలేదు.

అమ్మాయి వచ్చి చుట్టూ తిరిగి చూసి, "బహుత్ అచ్ఛా, ఒక్క తప్పు కూడా లేదు" అంది.

ఆంటీ వెళ్ళిపోతే మా పట్టికలో ఏదో ఒకటి విరుగుతుందని, అందరి ముందూ మా కార్యదర్శి నోరు మూతపడుతుందని ఆశపడ్డాను. ఏమీ విరగలేదు. లేని మనిషిని తీసేస్తే ఏం విరుగుతుంది?

"ఇది తప్పు" అన్నాను గట్టిగానే. "ఇందులో ఒక మనిషి ఉండాలి, లేదు."

"అది డిజైన్ చెప్పదు మేడమ్. ఎవరున్నారో చెప్పాల్సింది మీరు. చెప్పినవాళ్ళను అది జాగ్రత్తగా చూసుకుంటుంది, అంతే" అంది అమ్మాయి. మందలింపు కాదు, మామూలుగానే అంది.

చాయ్ విరామంలో కార్యదర్శిని నిలబెట్టి కడిగేశాను. మీకు హాలు ముఖ్యమా, ఆంటీ ముఖ్యమా అని అడిగాను. ఆయన కప్పు చేతిలోనే పట్టుకుని అంతా విన్నారు. "హాలు పోతే క్లాసు యాడ పెడ్తం చెల్లె? నేనేమన్న దుష్మన్‌నా ఆమెకు?" అన్నారు చివరికి. క్లాసులో మేడం అనే మనిషి చెల్లె అనేసరికి నా కోపం సగం దిగింది.

తిరుగు రైల్లో కూర్చోవడానికి చోటు దొరకలేదు. ఆయన ఒక చేత్తో స్తంభం పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్లో హాలు అనుమతి పత్రం నకలు తెరిచి, కాల్కాజీ వచ్చేదాకా చదివారు. దిగాక ప్లాట్‌ఫారం మీదే ఆగిపోయారు. "చూడు చెల్లె. సంఘం నివాసులది గావాలె అని ఉన్నది. ఒక్కొక్క మెంబర్ నివాసి గావాలె అని ఏడ లేదు. అది మనం మన భయానికి పెట్టుకున్న రూలే." నేను నోరు తెరిచేలోపే, "మనిషికి ఒక పట్టిక, ఇంటికి ఒక పట్టిక. ఏ మనిషి ఏ ఇంట్ల ఎప్పటిదాంక ఉన్నడో నడుమల ఇంకోటి. ఇల్లు తీసేసినా మనిషి ఉండాలె. గట్లనే గద ఆ పిల్ల చెప్పింది?" అన్నారు. వారమంతా నేను ముక్కు విరుస్తూ విన్నది ఆయన బుద్ధిగా వినేశారు.

ఆదివారం కమిటీలో ఆయనే లేచి చెప్పారు. ఇకమీదట ఇల్లు కాదు, మనిషే సభ్యుడు. భార్యాభర్తలు ఎవరికి వారే. క్వార్టరు వదిలినవాళ్ళు కావాలంటే కొనసాగవచ్చు. కాసేపు గొణుగుడు నడిచినా చివరికి అందరూ ఒప్పుకున్నారు. సభ్యుల పట్టికలో ఆంటీ తన పేరుతో, ఫరీదాబాద్ చిరునామాతో చేరారు. వాట్సాప్ గ్రూపులో సందేశం కూడా పెట్టాం: కాలనీ విడిచిన సభ్యులు సంఘం కార్యక్రమాల్లో యథావిధిగా పాల్గొనవచ్చును. ఆ సాయంత్రం యుద్ధం గెలిచినట్టు మా ఆయనకు కథంతా చెప్పాను.

ఆ వారంలోనే ఆంటీ సామాను టెంపోలో వెళ్ళిపోయింది. తర్వాతి ఆదివారం పిల్లలంతా హాలుకు వచ్చారు. ఆంటీ రాలేదు.

సాయంత్రం ఫోన్ చేశాను. నిజం చెప్పాలంటే కోపంగానే చేశాను. ఇంత చేస్తే ఇదా అని.

"ఏం ఆంటీ, రాలేదేం?"

"యాడికి?"

"క్లాసుకి. గ్రూపులో మెసేజ్ చూళ్ళేదా?"

"చూసినా. నేనూ మెంబరేనంట. రావచ్చునంట. బాగుండాది."

"మరి?"

ఆంటీ మెల్లగా అన్నారు. "రావచ్చునని రాసినారు పాపా. రా అని ఒక్కరన్నా నోరు తెరిచి పిలిచినారా? ఆ పొద్దు ఇద్దరూ ఇంటికొచ్చి అన్నీ అడిగినారు. హాజరు అడిగినారు, పేరు అడిగినారు. ఇంక ముందు చెబుతావా, చెప్పాలని ఉందా అని అడుగుతారేమో అని చూసినా. అడగల్యా."

మా ఇళ్ళల్లో పిలుపంటే ఎవరో ఒకరు గడప దాకా వచ్చి నోటితో చెప్పేది. గోడకు అంటించిన నోటీసు చూసి పేరంటానికి ఎవరూ వెళ్ళరు. నేనైతే అసలు వెళ్ళను, ఎవరైనా అలా పిలిస్తే ఆరునెలలు మాట్లాడను కూడా. ఆవిడకు హక్కు ఉందా లేదా అని వారమంతా కొట్టుకున్నామే గాని, ఆవిడ మాకు కావాలన్న సంగతి ఆవిడకు తెలియాలన్న ధ్యాసే లేకపోయింది. మధ్యలో మా తెలివి కలపకూడదన్నారని మా మనసు కూడా తీసి పక్కన పెట్టాం.

కార్యదర్శికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఏమంటారో అనుకుంటే, "శనివారం పోదాం. నేను గూడ వస్త" అన్నారు.

ఫరీదాబాద్‌లో ఆ ఇల్లు రెండో అంతస్తులో ఉంది. ఆయన మెట్లెక్కి ఆయాసపడుతూనే గుమ్మంలో నిలబడి, చెప్పులు కూడా విప్పకముందే చెప్పేశారు. "ఆంటీ, ఐతారం క్లాసుకు మీరు రావాలె. మీరు లేకుంటే మాతోని కాదు. పిలువనీకె వచ్చినం."

"రండి ఆంటీ" అని నేనూ అన్నాను.

ఆంటీ తలుపు పట్టుకునే నిలబడ్డారు. వస్తానన్లేదు, రానన్లేదు.

"పోయిన ఆదివారం హాలు తలుపెవరు తీసినారు?" అన్నారు.

"నేనే తీసిన" అన్నారు కార్యదర్శి.

"పిల్లోల్లు వచ్చినారా?"

"అందరు వచ్చిన్రు."

"ఏం చెప్పినారు వాళ్ళకు?"

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. "ఏం చెప్పలే... జరసేపు ఆడుకోని పోయిన్రు."

ఆంటీ ముఖం ఒక్కసారిగా ఎర్రబడింది. "ఏందబ్బా ఇది! అంతమంది పిల్లోల్లను పిలిచి ఊరికే పంపించినారా? నేను లేకపోతే మీకు తెలుగు రాదా? ఇంతింత ఉద్యోగాలు చేస్తాండారు, బోర్డు మీద నాలుగు మాటలు రాసేకి చేతులు రాలేదా? ఒక్క వారం వదిలితే చిన్నోల్లు మళ్ళీ మొదటికొస్తారు, రేపు వాళ్ళను యాడినుంచి పట్టుకురావాల నేను?"

"తప్పయింది ఆంటీ" అన్నారు మా కార్యదర్శి, నేల చూపులు చూస్తూ.

"తప్పయిందంట! సుద్దముక్కలన్నా తెచ్చి పెట్టినారా, అవీ లేవా?"

అవీ లేవు. ఆ సంగతి చెప్పే ధైర్యం మా ఇద్దరిలో ఎవరికీ లేకపోయింది. ఆవిడ తిడుతూనే ఉన్నారు, మమ్మల్ని లోపలికి రమ్మనడం కూడా మరిచిపోయారు. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే తన్నుకొచ్చాయి, రెండూ దిగమింగుకుని, పాఠం చదవకుండా వచ్చిన పిల్లలా తలవంచుకుని నిలబడ్డాను.